రెండోవాడి వంతు

కరీమున్ తయారుచేసిన యంత్రానికి 'పలుకు' అని పేరు పెట్టింది ల్యాబులోని శాస్త్రవేత్తలెవరూ కాదు, మేరీ అనే నర్సు.

గుంటూరు శివార్లలోని శిశు పరిశోధన కేంద్రంలో ఆ రోజు దాన్ని మొదటిసారి పరీక్షిస్తున్నారు. నెలలు నిండకుండా పుట్టిన ఒక ఆడపిల్ల అద్దాల పెట్టెలో పడుకుని ఉంది. తలకు పల్చటి గుడ్డ టోపీ, కాలికి దారమంత సన్నటి పట్టీ. ఆ రెండూ పట్టుకున్న సంకేతాలు మేరీ ఎడమచేతికి వేసుకున్న నల్లటి తొడుగులోకి వస్తున్నాయి. బిడ్డ ఒంట్లో ఎంత నొప్పి ఉంటే తొడుగు ఆ చేతికి అంత నొప్పీ తెలియజేస్తుంది. పది నిమిషాలు కూడా కాలేదు, మేరీ చెయ్యి విదిలించి లేచి నిలబడింది.

"మేడమ్, మంట! బిడ్డకి ఏందో మండతంది!"

బిడ్డ ఏడవలేదు, కదల్లేదు కూడా. డ్యూటీ డాక్టరు వచ్చి చూసి, యంత్రంలోనే ఏదో తేడా ఉందన్నాడు. మేరీ ఒప్పుకోలేదు. కాలికి చుట్టిన కట్టు విప్పింది. సెలైన్ నరం దాటి చర్మం కిందకి పాకి, పాదం ఉబ్బి, తెల్లగా పాలిపోయి ఉంది. ఇంకో గంట ఎవరూ చూసుకోకపోతే ఆ పాదం దక్కేది కాదు.

"ఇంత బాధ పెట్టుకోని గమ్మున పడుకునుంది చూడండి మేడమ్" అంది మేరీ కళ్లు తుడుచుకుంటూ. "ఇన్నాళ్లకి దీనికి పలుకొచ్చింది."

ల్యాబులో అందరూ చప్పట్లు కొట్టారు. ఏడో నెల కడుపుతో ఉన్న కరీమున్ మాత్రం కుర్చీలో కూలబడింది. ఆరేళ్ల కష్టం ఫలించినందుకు సంతోషం రావాలి. దానికి ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్లుగా, ఇన్ని ఆసుపత్రుల్లో, ఏడవలేదు కాబట్టి బాగానే ఉందని ఎంతమంది పసివాళ్లను వదిలేసి ఉంటారు? ఆ కోపం ఎవరి మీద చూపించాలో ఆమెకు తెలియలేదు. ఇంటికి వెళ్లేదాకా బస్సులో పళ్లు బిగించుకుని కూర్చుంది.

రెండు నెలల తర్వాత ఆమెకు కవల మగపిల్లలు పుట్టారు. పెద్దవాడు సాబిర్, ఆరు నిమిషాల తేడాతో చిన్నవాడు షాకిర్.

ఏడో రోజున పిల్లల తలలు గొరిగించి పేర్లు పెట్టిన సాయంత్రమే అత్తగారు హుస్సేన్‌బీ ఒడుగుల మాట, అంటే సున్తీ మాట ఎత్తింది. ఆవిడ ముప్పై ఏళ్లు గవర్నమెంటు ఆసుపత్రి కాన్పుల వార్డులో ఆయాగా పనిచేసి రిటైరైన మనిషి. పిల్లల విషయంలో ఆవిడ మాటకు ఇంట్లోనే కాదు, చిలకలూరిపేటలో వాళ్ల వీధి వీధంతటా తిరుగులేదు.

"నలభై రోజుల్లోపల కానిచ్చేద్దాం. ఇద్దరికీ ఒక్కరోజే. పుండు తొందరగా మానుద్ది, పిల్లలకి తెలవను కూడా తెలవదు."

"ఎందుకత్తా అంత తొందర? అసలు చేయించాలా వద్దా అని మనం మాట్లాడుకోనే లేదు" అంది కరీమున్.

"వద్దా అనే మాట ఈ ఇంట్లోకి ఎట్టా వచ్చింది?" హుస్సేన్‌బీ పాలగిన్నె చప్పుడయ్యేలా కింద పెట్టింది. "మీ నాన్నకి చేశారు, నీ మొగుడికి చేశారు. నీ కొడుకులేం పైనుంచి ఊడిపడ్డారా?"

కరీమున్ భర్త వైపు చూసింది. ఖాజావలి హైస్కూల్లో లెక్కల మాస్టారు. నెమ్మదస్తుడు, పిల్లలను కొట్టని మాస్టారని ఊళ్లో పేరు. తల వంచుకుని, షాకిర్ గుప్పిట్లో ఇరుక్కున్న తన వేలిని చూసుకుంటున్నాడు.

"వాళ్లు పెద్దయ్యాక వాళ్లనే అడిగితే ఏమవుతుందండీ?"

"నాకు ఎనిమిదో ఏట చేశారు" అన్నాడు ఖాజావలి తల ఎత్తకుండా. "అడిగారు నన్ను కూడా. సైకిల్ కావాలా అనడిగారు. కావాలన్నా. కొత్త చొక్కా తొడిగి, పూలదండ వేసి, లోపలి గదిలోకి తీసుకుపోయారు. నలుగురు పట్టుకున్నారు కరీమూ. ఒకాయన చెయ్యి కొరికాను. ఇప్పటికీ పెళ్లిళ్లలో కనపడితే ఆ మచ్చ చూపించి నవ్వుతాడు. నేను కూడా నవ్వాలి." అతను బిడ్డ గుప్పిట్లోంచి వేలు విడిపించుకున్నాడు. "వీళ్లకి గుర్తుండకూడదు. నేను కోరేది అంతే. గుర్తుండే వయసు రాకముందే అయిపోవాలి."

"గుర్తుండకపోవడం, నొప్పి లేకపోవడం రెండూ ఒకటేనా?"

"నీకు ప్రతిదీ పరిశోధనే!" ఖాజావలి మొదటిసారి భార్య మీద అరిచాడు. పిల్లలిద్దరూ ఉలిక్కిపడ్డారు. "నా పిల్లల్ని నావాళ్లలో కలపొద్దంటావా? రేపు పొద్దున వీళ్లని వేలెత్తి చూపిస్తే ఎవడు పడతాడు?"

"నావాళ్లు కూడా వాళ్లే. కలపొద్దని నేననలేదు. వాళ్ల ఒంటి మీద కత్తి పెట్టేముందు ఆలోచించమంటున్నా."

వారం రోజులు గడిచాయి. చివరికి ఖాజావలే ఒక దారి చెప్పాడు. ఎవరో మంగలి చేతిలోనో, పాతకాలపు పద్ధతిలోనో వద్దు. మంచి డాక్టరు దగ్గర, మత్తుమందు రాయించి చేయిద్దాం. పలుకు తెచ్చి పిల్లవాడికి కట్టు, తొడుగు నేను వేసుకుంటా. ఏమాత్రం నొప్పి ఉన్నా ఆపేయిస్తా.

కరీమున్ ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు తర్వాత ఆమె తనను తాను చాలా కాలం తిట్టుకుంది. ఆ రోజు మాత్రం అది న్యాయంగానే తోచింది. యంత్రాన్ని బయటికి తీసుకెళ్లాలంటే కేంద్రం నియమం ప్రకారం ఒక ఫారం నింపాలి. 'శిశువు తరఫున తల్లి సంతకం' అని ఉన్నచోట సంతకం చేసింది. ఆ ఫారం రాసింది కూడా ఆమే.

డాక్టర్ ఇలియాజ్ నర్సింగ్ హోమ్ ముందు పెద్ద బోర్డు ఉంది. 'నొప్పి తెలియని ఒడుగులు. పది నిమిషాల్లో ఇంటికి.' వరండా నిండా తల్లులు, పసిపిల్లలు. నర్సు సాబిర్‌కు మత్తు క్రీము రాసి వెళ్లిన ఐదు నిమిషాలకే లోపలికి పిలిచారు.

"ఈ క్రీము పనిచెయ్యాలంటే గంట పడుతుంది కదండీ" అంది కరీమున్ తలుపు దగ్గర నిలబడి.

డాక్టరు చేతి తొడుగులు వేసుకుంటూ ఆమె వైపు చూడకుండానే చెప్పాడు. "ఇంకా పదకొండు కేసులున్నాయి మేడమ్. ఈ వయసులో నరాలు ఎదిగుండవు. నాలిక మీద రెండు చుక్కలు పంచదార నీళ్లేస్తే చాలు. వేల కేసులు చేశాను, ఒక్క బిడ్డ కూడా వచ్చి కంప్లైంట్ ఇవ్వలేదు."

తన జోకుకు తనే నవ్వుకున్నాడు. హుస్సేన్‌బీ కోడలి మోచెయ్యి నొక్కింది, ఊరుకోమన్నట్టు. ఖాజావలి "ఆయన డాక్టరు కదా" అన్నాడు. కరీమున్ ఇంకో మాట అనలేదు. తప్పయితే యంత్రమే చెబుతుందిలే అనుకుంది. షాకిర్‌ను ఎత్తుకుని, సగం తెరిచిన తలుపు బయట నిలబడింది.

లోపల సాబిర్‌ను బల్ల మీద పడుకోబెట్టి కాళ్లూ చేతులూ పట్టీలతో బిగించారు. తలకు టోపీ, కాలికి పట్టీ. ఖాజావలి పక్కన స్టూలు మీద కూర్చుని తొడుగు బిగించుకున్నాడు. పట్టీలు బిగిస్తుంటే పిల్లవాడు రెండుసార్లు కెవ్వుమన్నాడు. డాక్టరు కత్తి పెట్టేసరికి గప్‌చిప్‌గా అయిపోయాడు.

"చూశారా? నిద్రపోయాడు. బంగారు కొండ" అంది నర్సు.

అదే క్షణంలో ఖాజావలి స్టూలు మీంచి కిందపడ్డాడు.

అరుస్తున్నాడు. వరండాలో ఉన్న తల్లులందరూ లేచి నిలబడ్డారు. ఎడమచేతిని గుండెకు అదుముకుని నేల మీద మెలికలు తిరుగుతున్నాడు. ఆపమని చెప్పాలి. దాని కోసమే అతను అక్కడ ఉన్నది. కానీ నోట్లోంచి మాట రావడం లేదు, అరుపు తప్ప. నర్సు భయపడి అతని చేతి తొడుగు లాగేయబోయింది. అతను ఆమెను తోసేశాడు. పిల్లవాడికి తీసేసే వీలు లేనప్పుడు తను తీసేసుకోవడమేమిటని అనుకున్నట్టు తర్వాత చెప్పాడు. బల్ల మీద బిడ్డ మాత్రం కళ్లు సగం తెరిచి, పైకప్పు వైపు చూస్తూ, రాయిలా పడుకుని ఉన్నాడు.

కరీమున్ తలుపు తోసుకుని లోపలికొచ్చేసరికి అంతా అయిపోయింది.

"మీ ఆయనకి మూర్ఛ ఉందా?" అన్నాడు డాక్టరు చిరాగ్గా. "సరే, రెండోవాణ్ని తీసుకురండి."

ఖాజావలి గోడ పట్టుకుని లేచాడు. ముఖమంతా చెమట. జీవితంలో ఒక పిల్లవాడి మీద కూడా చెయ్యెత్తని ఆ మాస్టారు డాక్టరు కాలరు పట్టుకుని గోడకేసి అదిమాడు.

"వాడి మీద చెయ్యెయ్యి. వేసి చూడు. ఆ చెయ్యి నీ ఒంటి మీద ఉండదు."

వాళ్లు ఆటోలో ఇంటికి వచ్చారు. దిగాక ఖాజావలి తొడుగు తీసి భార్య ముందు పడేశాడు. "నీకు తెలుసు. గంట ఆగాలని నీకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నావ్."

"మీరు మూయించారు."

"నేను మూయమంటే మూసేదానివా ఎప్పుడైనా? నీ యంత్రం ఎట్టా పనిచేస్తదో చూద్దామనుకున్నావ్!"

ఆ మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు. కొంత నిజమని కూడా తెలుసు.

సాబిర్ నాలుగు రోజులు సరిగ్గా పాలు తాగలేదు. గుడ్డలు మార్చినప్పుడల్లా ఒళ్లు బిగుసుకుపోయేవాడు గాని ఏడ్చేవాడు కాదు. హుస్సేన్‌బీ రాత్రీ పగలూ వాడి పక్కనే కూర్చుంది. ఐదో రోజు పొద్దున, కోడలు పాలు పట్టడానికి వచ్చినప్పుడు, ఎటో చూస్తూ చెప్పింది.

"ముప్పై ఏళ్లు పిల్లల కాళ్లు పట్టుకున్నానే నేను. సూదులేసేటప్పుడు, కోసేటప్పుడు, కుట్లేసేటప్పుడు. ఏడ్చే బిడ్డని పెంకిదనేదాన్ని. ఏడవని బిడ్డని బంగారం అనేదాన్ని." ఆవిడ సాబిర్ పాదాలు దుప్పటిలోకి సర్దింది. "ఎంతమందిని బంగారం అన్నానో లెక్కే లేదు."

ఆ మధ్యాహ్నం ఆవిడ ఒంటరిగా మసీదుకు నడిచివెళ్లి పెద్ద హజ్రత్‌ను అడిగి వచ్చింది. "రెండోవాడి సంగతి అడిగా" అంది ఇంట్లోకి వస్తూనే. "పిల్లోణ్ని హింసపెట్టి తొందరపడమని ఎవరూ చెప్పలేదన్నాడు. పెద్దయ్యాక చేయించుకున్నోళ్లూ ఉన్నారంట. ఇదే మాట మొన్న అడిగుంటే పోయేది. అడగటానికి నాకు నోరు రాలేదు."

ఖాజావలి మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పెట్టాడు. పలుకు పట్టుకున్న ప్రతి నొప్పీ దాని నిల్వలో ఉండిపోతుంది; కోత మొదలైన సమయం, అది సాగినంతసేపూ పుట్టిన నొప్పి, అన్నీ ఆ రికార్డులో ఉన్నాయి. అది ఉంటే డాక్టరు తప్పించుకోలేడు. విచారణ రెండు నెలల తర్వాత అన్నారు.

విచారణకు వారం ముందు కరీమున్‌కు మేరీ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, మీరు లీవులో ఉన్నారని చెప్పలేదేమో... విజయవాడ ఎగ్జిబిషన్‌లో మన పలుకు పెట్టారు. మీరొకసారి రండి."

కరీమున్ వెళ్లింది. స్టాలు ముందు వంద మందికి పైగా వరుసలో నిలబడి ఉన్నారు. పైన పెద్ద అక్షరాలు: 'సున్తీ నొప్పి ఎలా ఉంటుందో తెలుసుకోండి! ఇరవై రోజుల పసివాడి నిజమైన నొప్పి!' పక్కన ఒక చానల్ కెమెరా. జనం ఒక్కొక్కరే తొడుగు వేసుకుని, రెండు సెకన్లు తట్టుకుని, కేకపెట్టి తీసేస్తున్నారు. కొందరు నవ్వుతున్నారు. కాలేజీ కుర్రాళ్లు ఎవరు ఎక్కువసేపు ఉంచుకుంటారో పందెం కాస్తున్నారు. పట్టుచీర కట్టుకున్న ఒకావిడ తొడుగు తీసి, కెమెరా ముందు కన్నీళ్లు పెట్టుకుని, "వీళ్లసలు మనుషులేనా? కన్నబిడ్డలనిలా..." అంటోంది.

ఆ కన్నబిడ్డ సాబిర్. ఆ మనుషులు తామే.

స్టాలు వెనక పరిశోధన కేంద్రం డైరెక్టర్ భుజంగరావు కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"సార్, అది నా బిడ్డ."

"పేరు ఎక్కడా వెయ్యలేదు కదమ్మా. నువ్వు సంతకం పెట్టావుగా ఫారం మీద?"

"పరిశోధనకి పెట్టాను. తిరునాళ్లకి పెట్టలేదు."

"ఇది కూడా పరిశోధనే. జనానికి అవగాహన రావద్దూ? నిన్నటి నుంచి మూడు చానళ్లు ఫోన్ చేశాయి. ఆరేళ్లలో మనల్ని ఎవడైనా పట్టించుకున్నాడా?"

"మన దగ్గర నాలుగొందల పన్నెండు మంది పిల్లల రికార్డులున్నాయి" అంది కరీమున్. "మడమల్లో గుచ్చిన సూదులున్నాయి. ఆరుసార్లు తప్పుగా వేసిన సెలైన్లున్నాయి. మత్తివ్వకుండా చీల్చిన గడ్డలున్నాయి. చెవులు కుట్టించినవి ఎనభై మూడు. అవన్నీ పెట్టండి. అందరి నొప్పీ పెట్టండి. ఇదొక్కటే ఎందుకు పెట్టారు?"

భుజంగరావు కాఫీ కప్పు కింద పెట్టాడు. "వాటిని చూడటానికి ఎవడొస్తాడమ్మా?"

ఆ మాటతో అంతా తేటతెల్లమైంది. ఇక్కడికి వచ్చినవాళ్లెవరూ ఆ పసివాడి కోసం రాలేదు. పక్కింటివాణ్ని అసహ్యించుకోవడానికి ఒక కారణం దొరికిందని వచ్చారు. డాక్టరు గంట ఆగకపోవడం గురించి ఆ బోర్డు మీద ఒక్క ముక్క కూడా లేదు. గంట ఆగని డాక్టర్లు అన్ని వీధుల్లోనూ, అన్ని మతాలవాళ్లకూ ఉన్నారు మరి.

యంత్రంలోని నిల్వను తుడిచే తాళం ఆమె వేలిముద్రే. కేంద్రంలో ఉన్న అసలు నిల్వ కూడా దాంతోనే చెరుగుతుంది, చెరిగితే ఒక్కటి కాదు, మొత్తం చెరుగుతుంది. కరీమున్ నేరుగా స్టాలు ముందుకు నడిచి, తొడుగు వేసుకోబోతున్న కుర్రాడి చేతిలోంచి దాన్ని లాక్కుంది. తెర మీద వేలు పెట్టింది. 'నిల్వ మొత్తం తుడిచివేయాలా?' అని అడిగింది యంత్రం. ఒక్క క్షణం ఆమె ఆగింది. నాలుగొందల పన్నెండు మంది. ఆరేళ్లు. పై వారం విచారణ. ఇది పోతే డాక్టర్ ఇలియాజ్ మీద ఇంక ఏ రుజువూ ఉండదు.

వెనక నుంచి ఎవరో అరిచారు. "అక్కా, లైను! లైనులో రావాలి!"

నొక్కేసింది.

భుజంగరావు పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేశావో తెలుస్తోందా నీకు? ఉద్యోగం కాదు, జైలుకి పంపిస్తా!"

"పంపించండి. అక్కడ కూడా ఇదే చెప్తా. పసివాళ్ల బాధ వినడానికి చేశాను దీన్ని. అమ్ముకోవడానికి కాదు." తర్వాత వరుసలో ఉన్నవాళ్ల వైపు తిరిగింది. "అయిపోయింది. ఇళ్లకి పోండి. మీ ఇళ్లలోనూ పిల్లలున్నారుగా, పోయి వాళ్లని చూసుకోండి."

ఇంట్లో జరిగిన గొడవ ఎగ్జిబిషన్‌లో జరిగినదానికంటే పెద్దది.

"నన్నడిగావా?" ఖాజావలి గొంతు వీధి చివరకు వినపడింది. "వాడి నొప్పి నా చేతిలో పడింది, నీ చేతిలో కాదు! దాన్ని తీసుకుపోయి ఆ డాక్టరు ముఖాన కొట్టాలని రెండు నెలల్నుంచి బతుకుతున్నా. ఫోన్ చెయ్యడానికి నిమిషం పట్టదు. నన్నడగకుండా తుడిచేశావా?"

"అడిగితే మీరు వద్దనేవారు."

"అంటే? వద్దంటానని తెలిసి అడగవా? మరి నువ్వు చేసింది ఏంది, నేను చేసింది ఏంది?"

పిల్లలు ఏడుస్తుంటే హుస్సేన్‌బీ ఒకణ్ని భుజాన, ఒకణ్ని చంకన వేసుకుని వాకిట్లోకి వెళ్లిపోయింది.

విచారణలో డాక్టర్ ఇలియాజ్ గెలిచాడు. గంటసేపు ఆగానని చెప్పాడు, నర్సు అవునంది. కరీమున్ ఉద్యోగం పోయింది. కేసు మాత్రం పెట్టలేదు. పెడితే, పసివాడి రికార్డును ప్రదర్శనకు ఎందుకు పెట్టారని కోర్టు అడుగుతుందని ఎవరో లాయరు భుజంగరావుకు చెప్పాడట.

కోర్టులూ కౌన్సిళ్లూ తేల్చనిదాన్ని ఖాజావలి తన పద్ధతిలో తేల్చడానికి బయలుదేరాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఇంట్లో గోడ గడియారం తీసుకుని, వెళ్లి నర్సింగ్ హోమ్ గేటు పక్కన నిలబడేవాడు. పిల్లల్ని ఎత్తుకుని వచ్చే ప్రతి జంటకూ ఒకటే చెప్పేవాడు.

"చేయించొద్దని చెప్పట్లేదమ్మా. అది మీ ఇష్టం. క్రీము రాసి గంట ఆగమని అడగండి. గంటకి ఐదు నిమిషాలు తక్కువైనా బిడ్డనివ్వకండి. టైము కావాలంటే ఇదుగో, నా దగ్గరుంది."

మొదటివారం పిచ్చివాడన్నారు. రెండోవారం కాంపౌండర్లు తోసేస్తే పడి మోకాలు పగిలింది, గడియారం అద్దం పగిలింది. మూడోవారం అద్దం లేని గడియారంతోనే నిలబడ్డాడు. అతని స్కూల్లో చదివిన ఒకప్పటి పిల్లలు ఇప్పుడు తండ్రులై బిడ్డలతో వస్తున్నారు. మాస్టారు చెబుతుంటే ఆగారు. అడిగారు. డాక్టరు విసుక్కుంటే బిడ్డల్ని తీసుకుని వెనక్కి వెళ్లారు. కొన్నాళ్లకు హుస్సేన్‌బీ కూడా ఒక స్టూలు వేసుకుని కొడుకు పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ఆయాగా తనేం చూసిందో ఆడవాళ్లకు చెప్పేది. ఆవిడ చేతిలో పుట్టినవాళ్లు సగం ఊరు. ఆవిణ్ని తోసేసే ధైర్యం ఏ కాంపౌండరుకూ రాలేదు.

ఏడో నెలలో బోర్డు మారింది. 'పది నిమిషాల్లో ఇంటికి' అన్నది చెరిపేసి, 'గంట ముందు రావలెను' అని రాశారు. డాక్టరు క్షమాపణ చెప్పలేదు. ఖాజావలి కూడా అడగలేదు. ఆ ఆదివారం గేటు ముందు ఒక గంటసేపు ఊరికే నిలబడి ఇంటికి వచ్చాడు. కరీమున్ అన్నం వడ్డించింది. ఎన్నో నెలల తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు.

కరీమున్ మళ్లీ పలుకు తయారుచేసింది, మేరీ ఇప్పుడు పనిచేస్తున్న ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక మూల గదిలో. ఈసారి దానికి నిల్వ లేదు. బిడ్డ నొప్పి ఆ క్షణంలో పక్కనున్నవాళ్లకు తెలుస్తుంది, ఆ క్షణంతోనే పోతుంది.

షాకిర్ సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు. చుట్టాలు ఎత్తితే హుస్సేన్‌బీ ఒక్కటే జవాబిచ్చేది. "వాడికి బుద్ధి తెలిశాక వాడే చెప్తాడు. అప్పటిదాకా అడిగినోళ్ల నోట్లో దుమ్ము."

పిల్లలకు పదకొండేళ్లు వచ్చాయి. ఒక శుక్రవారం సాయంత్రం ఖాజావలి ఇద్దర్నీ కూర్చోబెట్టి, జరిగినదంతా దాచకుండా చెప్పాడు. చివరికి షాకిర్‌తో అన్నాడు. "నీ ఇష్టం నాన్నా. చేయించుకుంటానంటే మంచి డాక్టరు దగ్గర, నిద్రపుచ్చి చేయిస్తాం. వద్దంటే వద్దు. ఇప్పుడే చెప్పాలని కూడా లేదు."

"ఆలోచించుకుని చెప్తా" అన్నాడు షాకిర్ పెద్దమనిషిలా.

సాబిర్ లేచి నిలబడ్డాడు. వాడి ముఖం ఎర్రబడింది.

"వాణ్నడుగుతున్నావ్. నన్నెందుకు అడగలేదు?"

"నువ్వప్పుడు ఇరవై రోజుల బిడ్డవి. అడగడానికి..."

ఖాజావలి ఆ వాక్యాన్ని అక్కడే ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "మీ అమ్మ చెప్పింది, పెద్దయ్యాక అడుగుదామని. నేను వినలేదు. గంట ఆగాలని కూడా చెప్పింది. అదీ వినలేదు. తప్పు నాది."

"నాది కూడా" అంది కరీమున్. "తెలిసీ ఊరుకున్నా."

"తప్పంటే అయిపోద్దా?" సాబిర్ అరిచాడు. "వాడికి ఇష్టముంటే చేయించుకుంటాడు, లేకపోతే లేదు. నేనేం చేసుకోవాలి? నాకేం మిగిలింది చెప్పుకోడానికి? నేను కూడా సరేననేవాణ్నేమో! ఇప్పుడు అదెట్టా తెలుస్తది?"

వాడు కాలితో కుర్చీని తన్ని, మేడమెట్ల మీదకు పరిగెత్తాడు. కరీమున్ పిలవబోయింది. ఖాజావలి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆపొద్దు. వాడు అడిగినదాంట్లో తప్పేముంది?"

అతను మెల్లగా మెట్లెక్కి, కొడుకు కూర్చున్నచోటికి రెండు మెట్ల కింద కూర్చున్నాడు.

"పో ఇక్కణ్నుంచి" అన్నాడు సాబిర్ మోకాళ్లలో తల దాచుకుని.

ఖాజావలి ఇంకొక మెట్టు కిందికి జరిగాడు గాని వెళ్లలేదు.

"ఎంతసేపు కూర్చుంటావు?"

"నీ కోపం తగ్గిందాకా."

"తగ్గదు."

"సరే నాన్నా" అన్నాడు ఖాజావలి. "కూర్చుంటా."